కాగితం మీద నాలుగు సందేహాలు

2011 సంక్రాంతి సెలవులకి మా మేనల్లుడు ఇంటికొచ్చాడు. వస్తూ వస్తూ ఒక కొత్త హార్డ్ డిస్కు, దుకాణంలో కొన్న విండోస్ 7 డీవీడీ తెచ్చాడు. "మామయ్యా, నీ కంప్యూటర్లో ఇది ఎక్కిద్దాం. ఎక్స్‌పీ వచ్చి పదేళ్లవుతోంది" అన్నాడు.

నాకు మనసొప్పలేదు. ఎక్స్‌పీలో ఏ మూల ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలను. పచ్చని కొండ, పైన నీలాకాశం, ఎడమ చేతి కింద ఆకుపచ్చ స్టార్ట్ బటన్. పొద్దున్నే దాన్ని చూస్తే సొంత ఇంటి గుమ్మం చూసినట్టుండేది. "బాగానే నడుస్తోంది కదరా, దాన్నెందుకు కదపడం?" అన్నాను.

వాడు వాదించలేదు. బల్ల మీదున్న తెల్లకాగితం నా ముందుకు జరిపాడు. "నీ భయాలేంటో రాయి మామయ్యా. ఒక్కొక్కటే చూద్దాం. తీరకపోతే ఎక్స్‌పీనే ఉంచుదాం."

నాలుగు రాశాను. కంప్యూటర్ నెమ్మదిస్తుందేమో. ప్రతిదానికీ అనుమతి అడిగి విసిగిస్తుందేమో. నా స్కానర్ పనిచేయదేమో. ఏళ్లుగా టైపు చేసుకున్న తెలుగు ఫైళ్లు చదవడానికి రావేమో.

ఈ అధ్యాయం ఆ కాగితం చుట్టూనే తిరుగుతుంది. ఎందుకంటే ఆ నాలుగు మాటల వెనక ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి నాలుగు భాగాలు ఉన్నాయని నాకు ఆ సెలవుల్లోనే తెలిసింది. అప్పటిదాకా కంప్యూటర్ వాడాను. దాని గుండెకాయ ఎలా కొట్టుకుంటుందో ఎన్నడూ అడగలేదు.

గర్భగుడి, మండపం

గుడిలో భక్తులందరూ మండపంలో నిలబడతారు. గర్భగుడిలోకి అర్చకుడొక్కడే వెళ్తాడు. మనం కొబ్బరికాయ, పూలు ఆయన చేతికిస్తాం. ఆయన లోపలికి తీసుకెళ్లి, అర్చన చేసి, ప్రసాదం తెచ్చి మన చేతిలో పెడతాడు.

ఆపరేటింగ్ సిస్టమ్ పని సరిగ్గా ఇదే. మనం వాడే వర్డ్, బ్రౌజర్, పాటల ప్లేయర్ మండపంలోని భక్తుల్లాంటివి. మెమరీ, హార్డ్ డిస్కు, కీబోర్డు, తెర గర్భగుడిలో ఉన్నట్టు. ఫైలు దాచాలంటే వర్డ్ నేరుగా డిస్కు మీద చెయ్యి వేయకూడదు. "ఇది దాచిపెట్టు" అని కెర్నెల్‌ని అడగాలి. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని అసలు భాగం, మన ఉపమానంలో అర్చకుడు. ఈ హద్దు మాటవరసకు పెట్టుకున్నది కాదు, ప్రాసెసర్‌లోనే ఉంది. ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో అధికారానికి 0 నుంచి 3 వరకు నాలుగు అంచెలుంటాయి. విండోస్ వాటిలో రెండే వాడుకుంటుంది. కెర్నెల్ 0లో ఉంటుంది, మన ప్రోగ్రాములు 3లో ఉంటాయి. 3లో ఉన్న ప్రోగ్రాము హద్దు దాటబోతే ప్రాసెసరే అడ్డుకుంటుంది.

విండోస్ నడిచే ఇంటి కంప్యూటర్లకు ఈ హద్దు గట్టిగా వచ్చింది ఎక్స్‌పీతోనే. విండోస్ 95, 98 పాత డాస్ పునాది మీద లేచినవి. వాటిలో ఈ గోడ పలచన. ఒక ప్రోగ్రాము తప్పు చేస్తే యంత్రమంతా బిగుసుకుపోయేది. ఇంకోవైపు డేవ్ కట్లర్ నాయకత్వంలో మైక్రోసాఫ్ట్ వేరే పునాదితో విండోస్ ఎన్‌టీ కట్టింది. అది 1993లో వచ్చింది, ఎక్కువగా ఆఫీసుల్లోనే వాడారు. 2001 అక్టోబర్ 25న వచ్చిన ఎక్స్‌పీ ఆ ఎన్‌టీ పునాదిని ఇళ్లకు తెచ్చింది. అప్పుడు 98 వాడుతున్నవాళ్లు ఎక్స్‌పీని అనుమానించారు. ఆటలు ఆడవన్నారు, మెమరీ తినేస్తుందన్నారు. పదేళ్ల తర్వాత నేను వదల్లేకపోయింది అదే ఎక్స్‌పీని.

మొదటి సందేహం: నెమ్మదిస్తుందా?

నా యంత్రం 2008లో అసెంబుల్ చేయించింది. కోర్ 2 డుయో ప్రాసెసర్. తర్వాత డబ్బు పోగుచేసి మెమరీని 4 జీబీకి పెంచుకున్నాను. కానీ ఎక్స్‌పీ 3.25 జీబీయే చూపించేది. షాపతను మోసం చేశాడేమోనని చాలా రోజులు మనసులో పెట్టుకున్నాను.

మేనల్లుడు చెబితే గానీ సంగతి తెలియలేదు. మెమరీలోని ప్రతి బైటుకీ ఒక డోర్ నంబరు ఉండాలి. నా ఎక్స్‌పీ 32-బిట్‌ది. అంటే డోర్ నంబరు రాయడానికి 32 గళ్లే ఉన్నాయి, ఒక్కో గడిలో సున్నా గానీ ఒకటి గానీ. అలా రాయగలిగే నంబర్లు 4,29,49,67,296. సరిగ్గా 4 జీబీ. అయితే ఆ నంబర్లన్నీ మెమరీకే దక్కవు. గ్రాఫిక్స్ కార్డు, ఇతర పరికరాలు కూడా అందులో కొన్ని తీసుకుంటాయి. వీధిలో ఇళ్లన్నీ కట్టి ఉన్నా చివరి ఇళ్లకు నంబర్లు మిగలకపోతే పోస్ట్‌మాన్ అక్కడికి ఎలా వెళ్తాడు? నా 0.75 జీబీ అలా నంబరు లేని ఇల్లయింది. షాపతని తప్పేమీ లేదు.

నా ప్రాసెసర్ 64-బిట్‌ది. దానికి 64-బిట్ విండోస్ 7 ఎక్కిస్తే మెమరీ మొత్తం దొరుకుతుంది.

అలాగని కొత్తది తక్కువ తింటుందని కాదు. ఎక్స్‌పీ కనీసం 64 ఎంబీ మెమరీ అడిగితే, విండోస్ 7 కనీసం 1 జీబీ అడిగింది. పదహారు రెట్లు. 64-బిట్‌కైతే 2 జీబీ. 256 ఎంబీతో నడుస్తున్న పాత యంత్రం మీద దాన్ని ఎక్కించడం తెలివైన పని కాదు. ఇంకో మాట కూడా ఉంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే విండోస్ 7లో ఖాళీ మెమరీ చాలా తక్కువగా కనబడుతుంది, చూసి కంగారుపడతాం. అది మనం తరచూ వాడేవాటిని డిస్కు నుంచి ముందుగానే మెమరీలోకి తెచ్చి ఉంచుకుంటుంది. వేరే పనికి చోటు కావాలంటే వెంటనే ఖాళీ చేసిస్తుంది. మధ్యాహ్నానికి కూరగాయలు పొద్దున్నే తరిగి పెట్టుకునే ఇల్లాలి పద్ధతి అది.

రెండో సందేహం: విసిగిస్తుందా?

ఈ భయానికి మూలం విస్టా. 2007 జనవరి 30న జనంలోకి వచ్చిన ఆ విండోస్‌కి చెడ్డపేరు తెచ్చిన వాటిలో ఒకటి "అనుమతిస్తారా?" అన్న పెట్టె. తెర మసకబారి, ఏం చేయబోయినా అడిగేది.

ఎందుకు అడిగిందో తెలియాలంటే ఎక్స్‌పీలో ఏం జరిగేదో చూడాలి. ఎక్స్‌పీ ఎక్కించినప్పుడు పెట్టుకునే ఖాతా అడ్మినిస్ట్రేటర్ ఖాతాగా ఉండేది. అంటే ఇంటి తాళాలన్నీ మీ చేతిలో. మీరు నడిపే ప్రతి ప్రోగ్రాముకీ ఆ తాళాల గుత్తి దానంతటదే వెళ్లిపోయేది, ఆ ప్రోగ్రాము మంచిదైనా చెడ్డదైనా.

ఆ రోజుల్లో జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని పెన్‌డ్రైవ్ ఇంటికి తెస్తే ఏమయ్యేదో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫోల్డర్ల పక్కన అవే పేర్లతో దొంగ ఫైళ్లు పుట్టేవి. పెన్‌డ్రైవ్‌లో ఆటోరన్ అనే చిన్న ఫైలు దాక్కుని ఉండేది. గుచ్చగానే, లేదా గుచ్చాక దాని బొమ్మ మీద రెండుసార్లు నొక్కగానే, వైరస్ లేచి కూర్చునేది. నా చేతిలోని తాళాలన్నీ దానికి దొరికేవి. 2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ అనే పురుగు లక్షల యంత్రాలకు పాకడానికి వాడుకున్న దారుల్లో ఇదొకటి.

విస్టా ఈ పద్ధతి మార్చింది. మీరు అడ్మినిస్ట్రేటరే అయినా ప్రోగ్రాములకు మామూలు మనిషి అధికారమే ఇస్తుంది. వ్యవస్థను మార్చే పని వస్తే ఆగి మిమ్మల్ని అడుగుతుంది. తెర మసకబారడానికీ కారణం ఉంది. ఆ క్షణంలో విండోస్ వేరే తెర మీదికి వెళుతుంది. మీ మామూలు ప్రోగ్రాములేవీ ఆ తెరను ముట్టుకోలేవు. లేకపోతే దొంగ ప్రోగ్రామే మీ బదులు "అవును" అని నొక్కేసుకునేది.

మరి అంత మంచి ఆలోచన జనాన్ని ఎందుకు విసిగించింది? పాత ప్రోగ్రాములు రాసినవాళ్లు తాళాలు ఎప్పుడూ చేతిలోనే ఉంటాయన్న ధీమాతో రాశారు. తమ సెట్టింగులు దాచుకోవడానికి కూడా వ్యవస్థ ఫోల్డర్లలోకి వెళ్లేవారు. అలాంటి ప్రోగ్రాముల్లో చాలావాటికి విస్టా ఆపి అడిగింది. ఆ రెండు మూడేళ్లలో ప్రోగ్రాములు రాసేవాళ్లు తమ పద్ధతి మార్చుకున్నారు. 2009 అక్టోబర్ 22న విండోస్ 7 వచ్చేసరికి అడగాల్సిన సందర్భాలు బాగా తగ్గాయి. ఎంత అడగాలో నిర్ణయించుకోవడానికి నాలుగు మెట్లున్న మీట కూడా పెట్టారు. పెన్‌డ్రైవ్ గుచ్చగానే ఆటోరన్ లేచే దారిని మొదటినుంచే మూసేశారు.

పైపేరు 7 అయినా దీని లోపలి నంబరు 6.1. విస్టాది 6.0, ఎక్స్‌పీది 5.1. అంటే జనం మెచ్చుకున్న 7, జనం తిట్టిన విస్టా పునాది మీదే నిలబడింది. విస్టా మీద 2007లో వచ్చిన సందేహం న్యాయమైనదే. 2011లో నేను దాన్నే పట్టుకుని కూర్చోవడం మాత్రం న్యాయం కాదు. సందేహానికీ ఒక కాలపరిమితి ఉంటుంది. అప్పుడప్పుడు తీసి, ఇంకా చెల్లుతుందో లేదో చూసుకోవాలి.

మూడో సందేహం: స్కానర్

ఈ భయం నిజమైంది.

ప్రతి పరికరానికీ ఒక డ్రైవర్ ఉంటుంది. పరికరం భాషని కెర్నెల్‌కి చెప్పే దుబాసీ అది. చాలా డ్రైవర్లు గర్భగుడిలోపలే, కెర్నెల్ పక్కనే కూర్చుంటాయి. అందుకే ఒక డ్రైవర్ తప్పు చేస్తే నీలితెర వచ్చి యంత్రమంతా ఆగిపోతుంది. అందుకే 64-బిట్ విండోస్ ఈ విషయంలో కఠినంగా ఉంది. కెర్నెల్‌లోకి వచ్చే డ్రైవర్ 64-బిట్‌దే కావాలి, దాని మీద డిజిటల్ సంతకం ఉండాలి. నా స్కానర్ తయారుచేసిన కంపెనీ ఆ పాత మోడల్‌కి అలాంటి డ్రైవర్ రాయలేదు.

ప్రాణమున్న పరికరం డ్రైవర్ లేక మూలన పడితే బాధేస్తుంది. అమ్మ ఉత్తరాలు ఆ స్కానర్ మీదే స్కాన్ చేస్తూ వచ్చాను. మేనల్లుడు అప్పుడొక దారి చూపించాడు. విండోస్ 7 ప్రొఫెషనల్‌కి ఎక్స్‌పీ మోడ్ అని ఒకటి దొరికేది. అది విండోస్ 7 లోపల ఒక కిటికీలో నడిచే పూర్తి ఎక్స్‌పీ. కిటికీ లోపలున్న ఎక్స్‌పీకి తానొక ఊహాయంత్రంలో ఉన్నానని తెలియదు. యూఎస్‌బీ తీగను ఆ కిటికీకి అప్పగిస్తే స్కానర్ పాత డ్రైవర్‌తోనే పనిచేసింది. ఉత్తరం బొమ్మ తెర మీద గీత గీతగా కిందికి దిగుతుంటే మేమిద్దరం మాట్లాడకుండా చూశాం.

ఆ ఏర్పాటు శాశ్వతం కాదు. 2014లో ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు గడువు ముగిసినప్పుడు ఎక్స్‌పీ మోడ్‌కీ ముగిసింది. కానీ మిగిలిన ఉత్తరాలు స్కాన్ చేసుకోవడానికి ఆ వ్యవధి నాకు చాలింది.

నాలుగో సందేహం: తెలుగు

ఇది రాసేటప్పుడు చెయ్యి ఆగింది. ఎందుకంటే నా దగ్గర రెండు రకాల తెలుగు ఫైళ్లున్నాయి.

మొదటివి పాత డీటీపీ ఫాంట్లతో టైపు చేసినవి. వాటిలో అసలు తెలుగు అక్షరాలు ఉండవు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కలు, అంటే తలకట్టు, గుడి, వత్తు కూర్చోబెట్టారు. కంప్యూటర్ లెక్కలో అదంతా అర్థంలేని ఇంగ్లీషే. ఫాంటు ఉంటే కంటికి తెలుగులా కనబడుతుంది. ఫాంటు పోతే తెలుగు కూడా పోతుంది. నా భయమంతా వీటి గురించే. కానీ ఇది ఆపరేటింగ్ సిస్టమ్ సమస్య కాదు. ఎక్స్‌పీ ఫాంట్ల ఫోల్డర్ నుంచి ఆ ఫాంటు ఫైళ్లు తెచ్చి 7లో పెట్టగానే అక్షరాలన్నీ వరసగా నిలబడ్డాయి.

రెండోవి యూనికోడ్‌లో రాసినవి. యూనికోడ్‌లో తెలుగుకు సొంత స్థలం ఉంది, 0C00 నుంచి 0C7F వరకు. అక్కడ కష్టం వేరు. "స్త్రీ" అనే ఒక్క మాట తీసుకోండి. మన కంటికి అది ఒకే అక్షరం. కంప్యూటర్‌లో అది ఆరు గుర్తుల వరస: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారపు గుర్తు. ఈ ఆరింటినీ చూసి, త కిందికి వత్తుగా వెళ్లాలని, ర కూడా వత్తు కావాలని, గుడిదీర్ఘం పైన స మీద కూర్చోవాలని ఎవరో నిర్ణయించాలి. విండోస్‌లో యూనిస్క్రైబ్ అనే భాగం ఆ పని చేసేది. చిన్నప్పుడు పలక మీద అయ్యవారు చేయిపట్టి దిద్దించినట్టు, తెర మీద కనబడే ప్రతి తెలుగు మాటనూ అది దిద్దిపెట్టేది.

ఎక్స్‌పీలో ఈ ఏర్పాటు ఉంది, గౌతమి అనే తెలుగు ఫాంటూ ఉంది. కానీ మనమే కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, సీడీ వేసి ఎక్కించుకోవాలి. అది తెలియని ఇళ్లలో తెలుగు ఉత్తరం తెరిస్తే చతురస్రపు డబ్బాలు కనబడేవి. విస్టా నుంచి ఆ అవసరం పోయింది. 7లో గౌతమికి తోడుగా వాణి అనే కొత్త ఫాంటు కూడా వచ్చింది. కొత్త డిస్కు మీద విండోస్ ఎక్కాక నేను మొదట తెరిచింది ఒక తెలుగు ఫైలే. ఏ గడిలోనూ టిక్కు పెట్టలేదు, ఏ సీడీ వేయలేదు. నా భాష అక్కడ ముందే ఉంది.

ఆ క్షణం నా మనసు మార్చేసింది. కొత్త వ్యవస్థలో నా భాష అతిథిలా కాకుండా ఇంటిమనిషిలా కనబడింది.

తిరిగొచ్చే దారి

మారడం ఎలా మారామన్నది కూడా చెప్పాలి. ఎక్స్‌పీ నుంచి 7కి నేరుగా ఎదిగే దారి లేదు, కొత్తగానే ఎక్కించాలి. మేనల్లుడు ముందు నా ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేశాడు. అక్కడితో ఆగలేదు. ఆ డిస్కును ఇంకో కంప్యూటర్‌కి తగిలించి పది ఫైళ్లు తెరిచి చూపించాడు. తెరిచి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ అనుకోవద్దన్నాడు. తర్వాత క్యాబినెట్ విప్పి, ఎక్స్‌పీ ఉన్న డిస్కు కేబుల్ పీకి, మెత్తని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాడు. దాని చోట కొత్త డిస్కు బిగించాడు. "పదిహేను రోజులు వాడు మామయ్యా. నచ్చకపోతే ఈ కేబుల్ మార్చుకుంటే చాలు, నీ ఎక్స్‌పీ నీకుంటుంది."

మార్పుకు నేను వెనకాడిన ఈ తీరును మనిషి మనసు గురించి పరిశోధించినవాళ్లు ముందే గుర్తించారు. 1988లో విలియం శామ్యూల్సన్, రిచర్డ్ జెక్‌హౌజర్ ఉన్నదాన్నే పట్టుకునే మన స్వభావానికి యథాస్థితి పక్షపాతం అని పేరు పెట్టారు. మారితే పోయేది కళ్లముందు పెద్దగా కనబడుతుంది, వచ్చేది చిన్నగా కనబడుతుంది. తిరిగొచ్చే దారి ఒకటి తెరిచి ఉంచితే పోతుందన్న భయం చిన్నదవుతుంది. అప్పుడు రెండింటినీ ఒకే త్రాసులో తూచగలం. పదిహేను రోజులయ్యాక నేను బీరువా తెరవలేదు.

కదలకపోయినా జరిగే మార్పు

ఆ రోజు నేనన్న "బాగానే నడుస్తోంది కదరా" అనే మాటలో ఒక పొరపాటుంది. మనం కదలకపోతే పరిస్థితి కూడా అలాగే ఉంటుందనుకోవడం. గడువు ముగిసిన ఆపరేటింగ్ సిస్టమ్ తనంతట తాను ఏమీ మారదు. దాని చుట్టూ లోకం మారుతుంది. కొత్త విండోస్‌లో ఒక కన్నం దొరికితే కంపెనీ దాన్ని పూడ్చి అప్‌డేట్ పంపుతుంది. దొంగ ఆ అప్‌డేట్‌ని విప్పి చూసి కన్నం ఎక్కడుందో తెలుసుకుంటాడు. అదే కన్నం పాతదానిలోనూ ఉండవచ్చు. అక్కడ పూడ్చేవాళ్లు లేరు. కొత్తదానికి వేసిన మందే పాతదానికి దారి చూపే పటం అవుతుంది. 2014 ఏప్రిల్ 8 తర్వాత ఎక్స్‌పీ పరిస్థితి అదే.

2017 మే 12న వాన్నాక్రై అనే పురుగు విరుచుకుపడింది. దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ మార్చి 14నే, రెండు నెలల ముందే వచ్చింది. దాడి జరిగాక మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి కూడా ప్రత్యేకంగా మందు విడుదల చేయాల్సి వచ్చింది. అయితే ఆ దెబ్బ తిన్నవాటిలో అత్యధికం ఎక్స్‌పీ కాదు, అప్‌డేట్ వేసుకోని విండోస్ 7 యంత్రాలు. కొత్త ఇంట్లో చేరినంత మాత్రాన సరిపోదు, రోజూ రాత్రి తలుపు గడియ పెట్టుకోవాలి. 2018 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు గడువు ముగిసిన ఆపరేటింగ్ సిస్టమ్‌లతో నడుస్తున్న ఏటీఎమ్‌లన్నిటినీ 2019 జూన్ లోపు దశలవారీగా మార్చాలని బ్యాంకులను ఆదేశించింది.

నా విండోస్ 7 గడువు 2020 జనవరి 14న ముగిసింది, నేను 10కి మారాను. దాని గడువూ 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11 తనకు టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ కావాలంటుంది. అది లేని మంచి కంప్యూటర్లు మన ఇళ్లలో, బడుల్లో, చిన్న దుకాణాల్లో ఇంకా చాలా ఉన్నాయి. వాటిని పారేయనక్కర్లేదు. ఉచితంగా దొరికే లినక్స్ రకాల్లో ఏదో ఒకటి వాటిలో చాలావాటికి సరిపోతుంది. దాన్ని ఒక పెన్‌డ్రైవ్ మీద ఎక్కించి, హార్డ్ డిస్కును ముట్టుకోకుండానే నడిపి చూడవచ్చు. బీరువాలో డిస్కు దాచుకున్నట్టే, అదీ తిరిగొచ్చే దారే.

మీ ఇంట్లో అలాంటి కంప్యూటర్ ఉంటే, వాడేది మీ నాన్నగారో అత్తయ్యగారో అయితే, దయచేసి వాళ్లతో వాదించకండి. ఒక తెల్లకాగితం ఇవ్వండి. వాళ్లు రాసిన ప్రతి భయం వెనకా నిజమైన కారణం ఒకటుంటుంది. కొన్ని తీరతాయి, కొన్నిటికి వేరే దారి వెతకాలి, కొన్ని ఎప్పుడో కాలం చెల్లినవని తేలుతుంది. 2011 నాటి నా కాగితం ఇప్పటికీ ఆ పాత డిస్కు పక్కనే గుడ్డలో ఉంది. నాలుగు వరసల పక్కన మేనల్లుడి చేతిరాతలో మూడు టిక్కులు, స్కానర్ పక్కన ఒక్క మాట: "ఎక్స్‌పీ కిటికీ".